కుటుంబాలతో శిబిరం సరే, గరిటె ఎవరి చేతిలో?

వరి కోతకు రాకముందు కార్తీకంలో కొద్దిరోజులు, ధాన్యం ఇళ్ళు చేరిన తరువాత సంక్రాంతి దాటి మరికొద్దిరోజులు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పల్లెలకు కాస్త ఊపిరి సలుపుతుంది. యువజన సంఘాలవారికి ఎటైనా పోయిరావాలన్న ఊహ పుట్టేది అప్పుడే. ఆ ఊహ ఎక్కువగా సూర్యలంక మీదికే పోతుంది. తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు, అప్పికట్ల దాటి బాపట్లలో దిగవచ్చు. అక్కడికి సముద్రం 9 కిలోమీటర్లు. రేపల్లెవారికి రోడ్డు దారి ఉండనే ఉన్నది.

పూర్వం ఈ ప్రయాణాలు కుర్రకారు వరకే. పొద్దున పోవటం, సముద్రంలో పడి ఈదటం, చీకటిపడ్డాక ఇల్లు చేరటం. ఇటీవల కొన్ని సంఘాలవారు భార్యాబిడ్డలను, పెద్దలను కూడా వెంటబెట్టుకుని, ఒక రాత్రి అక్కడే విడిది చేసి రావాలన్న ఆలోచనకు వచ్చారు. ఇది హర్షించదగిన మార్పు. అయితే ఆ ఆలోచన వచ్చినంత సులువుగా దాని వెనుక ఉన్న చాకిరీ ఎవరిదన్న ప్రశ్న రావటం లేదు.

కుటుంబాలు వెంట ఉండటంలో మొదటి లాభం ప్రాణానికి సంబంధించినది. సూర్యలంకలోనైనా, చీరాల దగ్గర వాడరేవులోనైనా సముద్రంలో కొట్టుకుపోయిన వారిలో పడుచువాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. తెనాలి కాలువల్లో ఈత నేర్చిన ధీమా ఒకటి, సీసా ఇచ్చిన ధీమా మరొకటి. రెండూ కలిసినచోట సముద్రం ఎవరినీ మన్నించదు. కాలువ నీరు ఒకే దారిన పోతుంది. సముద్రం అట్లా కాదు. ఒడ్డుకు కొట్టిన కెరటాల నీరు తిరిగి లోపలికి పోవటానికి ఎక్కడో ఒకచోట సన్నని పాయ చేసుకుంటుంది. అలలు విరగక, చూడటానికి నెమ్మదిగా కనిపించే చోటే ఆ పాయ ఉంటుంది. ఈతరానివాడు ఇక్కడ అలలు లేవు గదా అని అక్కడే దిగుతాడు. ఈత వచ్చినవాడు ఒడ్డుకేసి ఎదురీది, రెక్కలు పడిపోయి మునుగుతాడు. నిజానికి ఆ పాయ వెడల్పు కొద్దిపాటిదే. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే దాని బారినుంచి బయటపడవచ్చు. వలలు వేసే బెస్తవారిని అడిగితే ఆనాడు పాయ ఏ చోట ఉన్నదో చెబుతారు. అడిగేవారే తక్కువ.

కుటుంబాలు ఉన్నచోట సీసా అంత తొందరగా బయటికి రాదు. చంకన బిడ్డ ఉన్నవాడు మోకాలు దాటి లోపలికి పోడు. పెద్దవాళ్ళు ఒడ్డున కూర్చుని కేకవేస్తే వెనక్కు రానివాడు అరుదు. ఇది మంచిదే గాని, ఇక్కడొక చిక్కు ఉన్నది. తల్లులను, భార్యలను కాపలాకోసం తీసుకుపోవటం వారికి విహారం అనిపించుకోదు. ఇంట్లో కనిపెట్టి ఉండే పనే ఇసుకలోకి మారిందంటే వారికి ఒరిగేదేమీ లేదు. ఎవరు నీళ్ళలో ఉన్నారో, ఎవరు బయటికి వచ్చారో లెక్క చూసే బాధ్యత సంఘం కుర్రవాళ్ళే వంతులు వేసుకుని మోయాలి. వంతు ఉన్నవాడు ఆ గంటసేపు సెల్‌ఫోను సంచిలో పెట్టాలి.

ఇక అసలు విషయం వంట. వనభోజనాలకు పోయివచ్చే ఏ ఊళ్ళోనైనా ముందురోజు రాత్రి జరిగేది చూస్తే విషయం బోధపడుతుంది. మగవాళ్ళు బస్సు మాట్లాడి, వాలీబాలు గాలి పట్టించుకుని, నిద్రకు పోతారు. ఆడవాళ్ళు చింతపండు నానబెట్టుకుని, పప్పు వేయించుకుని, కందిపచ్చడి రుబ్బుకుని, తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలుపుతారు. బస్సెక్కేసరికే వాళ్ళు ఒక పూట పని చేసి ఉంటారు. అక్కడికి పోయాక ఉసిరిచెట్టు నీడ చూసుకుని మగవాళ్ళు పేకముక్కలు పరుస్తారు. ఆడవాళ్ళు మూడు రాళ్ళు చూసుకుని పొయ్యి పెడతారు. వడ్డన మగవారికి, పిల్లలకు అయ్యాక తమకు ఆకులు వేసుకునేసరికి పొద్దు వాలుతుంది. తిరిగి వచ్చాక మసిపట్టిన గుండిగలు తోమేది కూడా వాళ్ళే. వనభోజనం అన్న మాటలో వనం మగవారికి, భోజనం ఆడవారికి పంచి ఇచ్చినట్లున్నది.

ఒకపూట ప్రయాణానికే ఇంత ఉంటే, రాత్రి మకాం వేసే శిబిరం సంగతి చెప్పనక్కరలేదు. సాయంకాలం టీ, రాత్రి భోజనం, పొద్దున ఉప్మా, పసిపిల్లలకు పాలు, ముసలివారికి మెత్తని అన్నం, వేడినీళ్ళు. ఇదంతా ఇంట్లో ఉన్న సదుపాయాలు లేకుండా, గాలికి పొయ్యి ఒకవైపు ఆరిపోతుంటే, అన్నంలో ఇసుక పడకుండా చూసుకుంటూ చెయ్యాలి. శీతాకాలపు శిబిరం చల్లని సముద్రపు గాలి అనుభవించటానికని యువకులు అంటారు. ఆ గాలిని పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి అనుభవించే తీరు వేరు.

మగవాళ్ళకు వంట రాదుగదా అన్న మాట ఇక్కడ వినిపిస్తుంది. అది నిలిచే మాట కాదు. ఈ ప్రాంతపు పెళ్ళిళ్ళలో, సంతర్పణల్లో గాడిపొయ్యి దగ్గర నిలబడి గుండిగలు దించేది ఎక్కువగా మగవాళ్ళే. అయిదువందలమందికి పప్పుచారు కాచగలిగిన చేతులకు అరవైమందికి అన్నం వార్చటం రాదంటే నమ్మేవారెవరు? 1969లో ప్రారంభమైన జాతీయ సేవాపథకం కింద కాలేజీ విద్యార్థులు పల్లెల్లో ఏడురోజుల శిబిరాలు నడుపుతున్నారు. చాలాచోట్ల వంతులవారీగా వండుకుంటారు, గిన్నెలు కడుక్కుంటారు. ఆ శిబిరాలకు పోయివచ్చిన కుర్రవాళ్ళు ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. స్నేహితుల మధ్య కూరగాయలు తరిగిన చెయ్యి, భార్య పక్కన ఉండేసరికి కత్తిపీట ఎట్లా పట్టుకోవాలో మరచిపోతున్నది.

శిబిరంలో వండటానికి పాకశాస్త్రం అక్కరలేదు. అరవైమందికి పూటకు ఏడెనిమిది కిలోల బియ్యం, ఒక పప్పు, ఒక కూర, పెరుగు, ఇంటినుంచి తెచ్చిన ఉసిరికాయ పచ్చడి ఉంటే చాలు. మాడితే మాడిన అన్నమే తింటారు. మాడిన అన్నం గురించి ఏడాదిపొడుగునా నవ్వుకుంటారు కూడా. ఆడవాళ్ళు ఒక్క పని చెయ్యకుండా ఉండటం నేర్చుకోవాలి. ఉప్పు చాలిందో లేదో చూద్దామని లేవబోయే అత్తగారిని కోడళ్ళు పట్టి కూర్చోబెట్టాలి. ఇది వినటానికి తేలికే గాని, నలభై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో పోదు.

కేటరింగుకు చెబితే ఏ బాధా ఉండదు గదా అనేవారు ఉన్నారు. డబ్బున్నవారికి ఉండదు. తలకు ఇంత అని చందా వేసేసరికి కూలిజనం ఇళ్ళు తమంత తామే జాబితానుంచి తప్పుకుంటాయి. కోతమిషన్లు పొలాల్లోకి దిగిన తరువాత శీతాకాలపు కూలి రోజులు తగ్గిపోయిన ఇళ్ళు అవి. అయిదుగురున్న ఇంటికి అయిదు చందాలు కట్టమంటే ఆ ఇంటి పెద్ద మర్యాదగా పని ఉన్నదంటాడు. నిజం అది కాదని అందరికీ తెలుసు. బియ్యం, కూరగాయలు, కొబ్బరికాయలు ఎవరికి ఉన్నవి వారు తేవటం, బస్సు ఖర్చు కలిగినవారు ఎక్కువగా భరించటం పాత పద్ధతే. ఎవరు ఎంత ఇచ్చారో రాసిన కాగితం గోడకు అంటించకుండా ఉంటే ఇంకా మంచిది.

చందాకన్నా పెద్ద గోడ మరొకటి ఉన్నది. కార్తీకమాసం వస్తే ఈమధ్య ఏ కులానికి ఆ కులం వనభోజనాలు పెట్టుకోవటం వేడుకైపోయింది. తోటలు వేరు, పందిళ్ళు వేరు, వచ్చి ఉపన్యసించే నాయకులు వేరు. యువజన సంఘం కూడా ఆ దారినే పోతే దానిని ఊరి సంఘం అనటం దండగ. తెనాలి పక్కనే చుండూరు ఉన్నది. సినిమాహాలులో కాలు తగిలిందన్న చిన్న తగాదా పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల హత్యలకు దారితీసింది. పక్కపక్కన కూర్చోవటమే ఓర్వలేనంత దూరంలో ఊరు, పల్లె బతికిన ఫలితం అది. ఒక బంతిలో కూర్చుని తిన్నంతమాత్రాన ఆ దూరం తీరిపోతుందని ఎవరూ అనరు. కాని అటువంటి చరిత్ర ఉన్న నేలమీద, ఊళ్ళో కొన్ని వీధులను వదిలిపెట్టి బయలుదేరే బస్సుకు యువజన సంఘం పేరు కట్టటం సిగ్గుచేటు. పిలిచామండీ, వారే రాలేదండీ అనటం కూడా పరిపాటి. పిలవటమంటే మైకులో చెప్పటం కాదు, ఇంటికి పోయి చెప్పటం. వంటమనుషుల్లో, వడ్డించేవారిలో అన్ని వీధులవారూ ఉంటే ఆ పిలుపులో నిజముందని జనం నమ్ముతారు.

యువకులు కుటుంబాలకు సేవ చెయ్యటం ఈ సీమకు కొత్త కాదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘం పన్నుల భారాన్ని ఎదిరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు ఖాళీచేశారు. పిల్లాజెల్లాతో, ముసలీముతకతో పొలిమేర దాటి, రామనగర్ అని పేరుపెట్టుకుని, గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు అక్కడే కాపురమున్నారు. ఎండలు, వానలు, శీతాకాలం అన్నీ ఆ గుడిసెల్లోనే గడిచాయి. అంతకుముందే పన్ను కట్టనందుకు జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన రామదండు స్వచ్ఛందసేవకులు ఆ జనానికి అండగా నిలిచారు. చివరకు ఆయన జైలుపాలై, జనం తిరిగి ఊళ్ళోకి పోవలసివచ్చినా, ఆ 11 నెలల కాపురాన్ని దేశం మరువలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ చీరాల బాపట్ల జిల్లాలోకే వచ్చింది. వేలమంది 11 నెలలు గడిపిన నేలమీద, అరవైమంది ఒక రాత్రి గడపటానికి కావలసిన క్రమశిక్షణ ఈనాటి యువకులకు ఉండదనుకోనక్కరలేదు.

ఏ రోజుల్లో పోవాలన్నది తరువాతి ప్రశ్న. కార్తీకం పుణ్యమాసమే గాని సముద్రతీరానికి నమ్మదగిన మాసం కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడూ కార్తీకం వెళ్ళలేదు. పౌర్ణమినాటి సముద్రస్నానానికి వచ్చే జనసమ్మర్దం సరేసరి. అందుచేత కార్తీకంలో పగటిపూట తోటల్లో, కృష్ణ ఒడ్డున భోజనాలతో సరిపెట్టుకుని, రాత్రి విడిదిని సంక్రాంతి దాటిన తరువాతికి పెట్టుకోవటం తెలివైన పని. కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనుక ఆ నాలుగు రోజులూ వదిలి, హైదరాబాదునుంచి వచ్చినవాళ్ళు తిరుగుప్రయాణం కట్టేలోగా ఒక రోజు చూసుకోవాలి. వాళ్ళు రాకపోతే సగం సంఘం రానట్లే.

జనవరిలో తీరాన చలి పెద్దగా వణికించదు గాని మంచు దిగుతుంది. తెల్లవారేసరికి దుప్పట్లు తడిసి ఉంటాయి. పసిపిల్లలున్న తల్లులకు, పెద్దలకు కప్పుకింద చోటు చూసి, కుర్రవాళ్ళు గుడారాల్లో పడుకోవాలి. సూర్యలంకలో పర్యాటకశాఖవారి హరిత విడిది ఉన్నది గాని, సెలవురోజుల్లో వచ్చే జనానికి అది ఏ మూలకు? ముందుగా విచారించుకోకుండా బయలుదేరి, రాత్రి పదింటికి గదులకోసం తిరగటం పిల్లలను ఏడిపించటమే.

ఎవరూ బయటికి మాట్లాడని విషయం మరొకటి ఉన్నది. ఆడవాళ్ళు శిబిరాలకు వెనుకాడటానికి చలికన్నా, దూరంకన్నా పెద్ద కారణం మరుగుదొడ్డి. పొద్దుటినుంచి మంచినీళ్ళు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చుని, ఇంటికి వచ్చి జబ్బుపడే వారున్నారు. తడిబట్టలు మార్చుకోవటానికి నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డంపట్టుకుని నిలబడటం ఏ తీరానికీ గౌరవం కాదు. సంఘంవారు స్థలం చూసి రావటానికి పోయినప్పుడు ఫొటోలు తీసుకునే చోటు కాక, మొదట ఇది చూడాలి. తమ ఇంటి ఆడవాళ్ళను ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోతే వారే చూస్తారు. యాత్రికుల పేరు చెప్పి తీరాన్ని అభివృద్ధి చేస్తామంటున్న అధికారులు కూడా రంగుదీపాలకన్నా ముందు ఆడవారి స్నానాల గదులు, నీళ్ళు, సెలవురోజుల్లోనే కాక మామూలు రోజుల్లోనూ కాపలా ఈతగాళ్ళ ఏర్పాటు మీద దృష్టి పెట్టవలసి ఉన్నది.

తాగేనీరు ఊరినుంచే తీసుకుపోవాలి. తీరపు ఇసుకలో వానకు దిగిన తీపినీరు ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. ఆ నీటికోసమే అక్కడి రైతులు లోతులేని దొరువులు తవ్వుకుని పంటలకు తోడుకుంటారు. కాస్త లోతుకు పోయినా, అదేపనిగా తోడినా ఉప్పు పైకి వస్తుంది. రైతు బతుకుదెరువైన దొరువు దగ్గర గిన్నెలు కడగటం, సబ్బు నురుగు వదలటం తగని పని.

అట్లాగే జనవరి మొదలుకుని ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి రాత్రివేళ ఈ ఒడ్డుకు వస్తాయి. వెలుతురుకు, సందడికి బెదిరి అవి వెనుదిరుగుతాయి. తీరం పొడుగునా నెగళ్ళు వేసి, బాక్సులు పెట్టి చిందులు తొక్కవలసిన అగత్యం లేదు. నెగడు సరుగుడు తోటలకు దూరంగా, ఒకే ఒక్కటి చాలు. ముసలివారి కథలకు ఆ మాత్రం వెలుగు సరిపోతుంది.

సముద్రమే చూడాలన్న పట్టు లేనివారికి దగ్గరలోనే వేరే చోట్లు ఉన్నాయి. రేపల్లె దగ్గర పెనుమూడిలో కృష్ణ ఒడ్డు ఉన్నది. వంతెన దాటితే పులిగడ్డ, అవతల దివిసీమ. తెనాలి-రేపల్లె రైలుదారిలో భట్టిప్రోలు ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో అక్కడి స్తూపంలో బ్రాహ్మీలిపి చెక్కిన ధాతుకరండాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వపు ఆ అక్షరాలను చదవటానికి ప్రపంచంలో ఎక్కడెక్కడి పండితులో శ్రమపడ్డారు. ఆ రైలులో రోజూ తిరిగే పిల్లల్లో ఎందరు దిగి చూశారో! శిబిరానికి పోయేటప్పుడు ఒక గంట అక్కడ ఆగితే నష్టమేమీ లేదు.

ఇన్ని ఏర్పాట్లు చేసినా, బస్సు బయలుదేరే వేళకు ప్రతి వీధిలో ఒకరిద్దరు ఆడవాళ్ళు వాకిట్లోనే నిలబడిపోతారు. రానన్నది మొహమాటంచేత కాదు, గేదెలచేత. పాలకేంద్రానికి పొద్దున, సాయంత్రం పాలు పోయాలి. ఒక రాత్రి విడిది అంటే తక్కువలో తక్కువ రెండు పూటల పితుకుడు. మేత వెయ్యటానికి, నీళ్ళు పెట్టటానికి ఎవరైనా చాలు గాని, చెయ్యి మరిగిన గేదె కొత్తవారికి చేపదు. అందుకే ఆ ఇంటి అత్తగారో, కోడలో ప్రతిసారీ ఆగిపోతున్నది. ఊళ్ళో ఉండిపోయేందుకు సంఘం కుర్రవాళ్ళు నలుగురు ముందుకు వచ్చి, ఈ ఏడు మేము, వచ్చే ఏడు మీరు అని వంతు వేసుకుంటే ఆ ఆడవాళ్ళూ బస్సెక్కగలరు. గేదె చేపదన్న బెంగ ఉంటే దానికీ పల్లెల్లో ఉపాయమున్నది. ఇల్లాలి పాతచీర భుజాన కప్పుకుని కూర్చుంటే గేదె ఆ వాసనకు చేపుతుందని పాడి ఎరిగినవారు చెబుతారు. చీర కప్పుకోవటానికి సిగ్గుపడేవారు సిగ్గు తీరేదాకా, ప్రయాణానికి వారంరోజుల ముందునుంచే ఇల్లాలిని పక్కన నిలబెట్టుకుని రెండుపూటలా పితికి చూసుకోవాలి.